నాకు నచ్చని ఆటకు నేను వేసిన మార్కులు

భవానీపూర్‌లోని ఆ దుకాణంలో, మేడ మీద గదిలో, కిటికీ పక్క కుర్చీలో నేను ఎనిమిదేళ్లు కూర్చున్నాను. ఇప్పుడు అందులో మీరు కూర్చున్నారు. పని ఎలా చేయాలో నాలుగు ముక్కలు రాసి పంపమని అడిగారు. తాళాలు ఎక్కడుంటాయో, ఏ పెట్టె ఏ అరలో ఉందో దుకాణంలోనే చెబుతారు. వాళ్లు చెప్పనిది మాత్రమే రాస్తున్నాను.

నా వయసు ముప్పై ఆరు. రిటైరయ్యానంటే ఇంట్లో నవ్వుతారు. కానీ ఒక పనిలోకి ఇక తిరిగి వెళ్లనని ఖాయం చేసుకున్నాక దానికి వేరే పేరు నాకు తెలియదు.

పని

ముందు పని ఏమిటో సరిగ్గా చెప్పుకుందాం. బల్ల చుట్టూ నలుగురో ఐదుగురో కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు. ఒకరు దొంగ, ఒకరు వైద్యుడు, ఒకరు ఓడ నడిపే సరంగు. ఇంకొకరు కథ నడిపిస్తారు. మిగిలినవాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెబుతారు. ఫలితం తేలని చోట పాచికలు వేస్తారు. రోల్‌ప్లేయింగ్ ఆట అంటే ఇంతే. ఇలాంటి ఆటలు ఏటా కొత్తవి వస్తూనే ఉంటాయి. కొన్ని విదేశాల నుంచి మెరిసే పెట్టెల్లో వస్తాయి, కొన్ని ఇక్కడి కుర్రాళ్లు ఇంట్లో తయారుచేసి జిరాక్సు కాగితాల్లో తెస్తారు.

వాటిని చదివి, ఆడి, దుకాణంలో పెట్టాలా వద్దా, ఆదివారాలు బల్ల ఇవ్వాలా వద్దా అని చెప్పడం నా పని. యజమాని ప్రబీర్‌దా, మన మాటలో ప్రబీర్ అన్న. కింద అంతస్తులో ఆయన తండ్రి నాటి స్టేషనరీ దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. జామెట్రీ బాక్సులు, రిజిస్టర్లు అమ్ముతారు. మేడ మీద ఆటలు. ప్రబీర్‌దా స్వయంగా ఏ ఆటా ఆడడు. మెట్ల మీద నిలబడి, బల్లల దగ్గర నవ్వులు వినపడుతున్నాయా లేదా అని మాత్రం చూసుకుంటాడు. ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక కొలమానం అది. అది నా కొలమానం కంటే మంచిదని ఒప్పుకోవడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లందరూ ఆటలంటే ఇష్టంతోనే వస్తారు. మీరూ అంతే అనుకుంటాను. మొదటి ప్రమాదం అక్కడే ఉంది. మీకు ఆటలంటే ఇష్టం ఉండదు. కొన్ని రకాల ఆటలంటే ఇష్టం ఉంటుంది. ఆ తేడా మీకు ఎవరూ చెప్పరు.

కాగితం

మీ బల్ల పై సొరుగులో ఒక ఫారం కట్ట ఉంటుంది. ఇరవై రెండు గడులు. కింద చిన్న అక్షరాలతో నా పేరు. అది నేను తయారుచేసిందే.

ఈ పనికి ముందు హౌరాలో ఒక పంపుల ఫ్యాక్టరీలో మూడేళ్లు తనిఖీ ఇంజనీరుగా చేశాను. పంపును బిగించి, నీళ్లు పోసి, ఎంత ఎత్తుకు ఎన్ని లీటర్లు ఎక్కిస్తోందో చూసి ఫారంలో టిక్కు పెట్టేవాళ్లం. నాకు ఆ పని నచ్చేది. మనిషి ముఖం చూసే అవసరం లేదు. ఆటల దుకాణంలో చేరిన మొదటి నెలలో, ఒక విదేశీ పెట్టెను అట్ట మీది బొమ్మ చూసి ముచ్చటపడి అందరూ కలిసి ఎంచుకున్నారు. నలభయ్యో పేజీలో ఉన్న నియమం ఆరో పేజీలో ఉన్న నియమాన్ని కొట్టేస్తోంది. కొనుక్కున్నవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తెచ్చారు. అప్పుడు నేను కూర్చుని ఫారం గీశాను.

నియమాల స్పష్టత. ఆటగాళ్ల సంఖ్యలో వెసులుబాటు. గెలుపు ఓటములు ఎలా తేలతాయి. పాచికలకూ తెలివికీ మధ్య తూకం. రెండోసారి ఆడితే కొత్తగా ఉంటుందా. అచ్చు నాణ్యత. ఇలా ఇరవై రెండు. గడికి ఒక మార్కు. పద్నాలుగు వస్తే లోపలికి, రాకపోతే బయటికి.

ప్రబీర్‌దా ఆ కాగితాన్ని పైకెత్తి పట్టుకుని, మన రావు మేడ మీదికి ఫ్యాక్టరీ తెచ్చాడని అందరికీ చూపించాడు. ఆయన మెచ్చుకున్నాడని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది మెచ్చుకోలో ఎగతాళో చెప్పలేను.

ఆ కాగితం కొంతవరకు పనిచేసింది. అది నిజం. పేజీలు తప్పిపోయినవి, నియమాలు ఒకదానితో ఒకటి పొసగనివి లోపలికి రాకుండా ఆపింది. కానీ గడులు మరోసారి చదవండి. గెలుపు ఓటములు తేలాలని ఎవరన్నారు? పాచికలకూ తెలివికీ తూకం ఉండాలని ఎవరన్నారు? నేనే. అవి నాకు నచ్చే ఆటల లక్షణాలు. నా ఇష్టాన్ని ఇరవై రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ నంబరు వేసి, దానికి నాణ్యత అని పేరు పెట్టాను. నంబరు వేసేసరికి అది నా ఇష్టమన్న సంగతి నేనే మర్చిపోయాను.

ఇద్దరి సంతకం

ఒక్క విషయంలో ప్రబీర్‌దా నాకంటే తెలివిగా నడుచుకున్నాడు. ప్రతి పెట్టెనూ ఇద్దరు చూడాలన్నాడు. ఇద్దరిలో ఒకరు సరేనన్నా నెల రోజులు బల్ల ఇవ్వాలి. రెండో మనిషి శుభ్ర. అంతకుముందు బడిలో భూగోళం చెప్పేది. ఆమెకు నచ్చేవన్నీ నాకు చిరాకు పుట్టించేవి: భయపెట్టేవి, ఏడిపించేవి, ఎటూ తేలకుండా ముగిసేవి. ఆమెను నా ఎదురుగా కూర్చోబెట్టింది కావాలనే.

ఒకసారి మూతబడిన ఆసుపత్రిలో చిక్కుకున్నవాళ్ల ఆట ఒకటి వచ్చింది. నేను తొమ్మిది వేశాను. శుభ్ర పద్దెనిమిది వేసింది. అదెలాగని అడిగితే, గడులు నీవి, కళ్లు నావి అంది. ఆ ఆటకు నెల రోజులు బల్ల ఇచ్చారు. రెండేళ్లు నడిచింది. ప్రతి ఆదివారం ఆ బల్ల పక్కనుంచి నడుస్తూ, ఊపిరి బిగబట్టి కూర్చున్న కాలేజీ పిల్లల్ని చూస్తూ, జనానికి అభిరుచి లేదని అనుకునేవాణ్ణి. రెండేళ్ల పాటు అదే మాట అనుకున్నాను. నా కాగితంలో ఏదో తక్కువైందేమో అని ఒక్క ఆదివారం కూడా అనుకోలేదు.

అంటే పాఠం నా ముందే బల్ల మీద ఉంది. నేను చదవలేదు. ఆ తర్వాత జరిగిందానికి తెలియక చేశానని చెప్పుకునే హక్కు నాకు లేదు.

బిస్కెట్ డబ్బా

నాలుగేళ్ల క్రితం, దసరా పూజల హడావుడి ముగిసిన తర్వాత, సత్యవతి అనే ఆమె మెట్లెక్కి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. టికియాపారా రైల్వే క్వార్టర్లలో ఉంటుంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. అక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం సరిగ్గా రాదు. ఆదివారాలు వాళ్లకు తెలుగు అక్షరాలు నేర్పుతుంది. సంచిలోంచి ఒక బిస్కెట్ డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది.

లోపల నలభై రెండు కార్డులు. పాత పెళ్లి శుభలేఖల వెనక వైపు, చదరంగా కత్తిరించి, పెద్ద పెద్ద అక్షరాలతో చేత్తో రాసినవి. ఆట పేరు 'బండెక్కిన రోజు'. ఊరు వదిలి రైలెక్కి హౌరాలో దిగిన ఒక కుటుంబం. ఒక్కొక్కరు ఒక్కో మనిషి. కార్డు తీస్తే ఒక ప్రశ్న: పెట్టెలో ఏం తెచ్చావు? స్టేషన్ బయట మొదట ఎవరు పలకరించారు? ఏ వస్తువు మర్చిపోయి వచ్చావు? ఆ మనిషిగా ఉండి జవాబు చెప్పాలి. మిగిలినవాళ్లు ఆ జవాబును పట్టుకుని కథ ముందుకు నడపాలి.

పాచికలు లేవు. గెలుపు లేదు. నియమాలు తొమ్మిదే. అందులో రెండు విచిత్రమైనవి. ఒకటి: బల్ల దగ్గర యాభై అయిదు దాటినవాళ్లు ఒకరైనా, పదిహేను లోపు వాళ్లు ఒకరైనా ఉండాలి. రెండు: పెద్దవాళ్లు పిల్లల పాత్రలు, పిల్లలు పెద్దవాళ్ల పాత్రలు వేయాలి.

డిసెంబరులో దుకాణం తరఫున మూడు రోజుల ఆటల మేళా జరుగుతుందని, అక్కడికి దక్షిణాది నుంచి ఒక చిన్న ప్రచురణ సంస్థ మనిషి వచ్చి, ఇంట్లో తయారైన ఆటల్లోంచి ఒకదాన్ని అచ్చుకు ఎంచుకుంటారని సత్యవతి ఎక్కడో విన్నది. మేళాలో బల్ల దొరకాలంటే నా కాగితం దాటాలి. ఆమెకు కావలసింది అదే. ఆ డబ్బా ఒక్కటే ఉందని, ఖరగ్‌పూర్‌లో, అసన్‌సోల్‌లో, రైల్వే తెలుగువాళ్లు ఉన్న ప్రతిచోటి నుంచీ అడుగుతున్నారని, చేత్తో రాసి ఎన్నని ఇవ్వగలనని చెప్పింది.

"ఒక్కపాలి అచ్చయితే సాలు బాబూ," అంది. "తరవాత సంగతి ఆళ్లే సూసుకుంటారు."

ఆ సంవత్సరం వచ్చే ప్రచురణకర్త, భారతీయ భాషల్లో ఆటలుంటే ముందు చూపించమని ఉత్తరం రాసి ఉంది. ఆ ఉత్తరం నా సొరుగులోనే ఉంది. ఈ విషయం కూడా రాసిపెట్టడం న్యాయం.

పరీక్ష

ఇద్దరు చూడాలన్న నియమం ఇక్కడ విరిగింది. దుకాణంలో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. శుభ్ర కార్డులు అటూ ఇటూ తిప్పి చూసింది. ఈ అక్షరాలు జిలేబీల్లా ఉన్నాయి, నువ్వేం రాస్తే దాని కింద సంతకం పెడతాను అంది. పెట్టింది. నన్ను అడ్డుకోవడానికి పెట్టిన మనిషి ఆ ఒక్కసారి అడ్డుకోలేకపోయింది. అది ఆమె తప్పు కాదు. వేరే దారి చూద్దామని నేను అనాల్సింది. తెలుగు వచ్చిన ఇంకెవరినైనా పిలిపించి చదివిద్దామని, శుభ్రకు బెంగాలీలో చెప్పి ఆడిద్దామని అనాల్సింది. అనలేదు. ఎదురు మాట లేని తీర్పు ఎంత హాయిగా ఉంటుందో ఆ పూట మొదటిసారి తెలిసింది.

ఆడి చూడటానికి నా స్నేహితుల్ని పిలిచాను. నలుగురూ హైదరాబాదు, విజయవాడల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు. అందరూ ముప్పై చుట్టుపక్కల వయసువాళ్లు. శనివారాలు మేం కోటల ముట్టడి, సైన్యాల లెక్కలు ఉన్న ఆటలు ఆడేవాళ్లం. యాభై అయిదు దాటినవాళ్లు కావాలన్న నియమానికి కిరణ్ అనే అతని భుజం మీద తువ్వాలు వేసి, నువ్వే ముసలాడివి అన్నాం. పిల్లల కోసం ఇంకొకణ్ణి నిక్కరేసుకోమన్నాం. పెట్టెలో ఏం తెచ్చావని కార్డు అడిగితే కిరణ్ ల్యాప్‌టాప్ చార్జర్ అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. నలభై నిమిషాలకు కిరణ్ తువ్వాలు తీసేసి, "ఇంకెంతసేపు బాస్, అసలు ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు. కార్డులు పక్కన పెట్టి పాచికలు తీశాం.

నేను ఫారం నింపాను. ఆటగాళ్ల సంఖ్యలో వెసులుబాటు: సున్నా. గెలుపు ఓటములు: సున్నా. తూకం: సున్నా. అచ్చు నాణ్యత: సున్నా, పక్కన 'అక్షరాలు వంకర' అని రాశాను. మొత్తం ఆరు.

పంపుల ఫ్యాక్టరీలో నీళ్లు పోయకుండా పంపు తిప్పి, నీరు ఎక్కడం లేదని రాస్తే ఆ రోజే ఇంటికి పంపేవాళ్లు. ఇక్కడ నేను సరిగ్గా అదే చేశాను. ఆ ఆటకు నీళ్లు ఏమిటో మొదటి కార్డు మీదే రాసి ఉంది. ఒక ముసలి మనిషి, ఒక పిల్ల. వాళ్లు లేకుండా ఆడి, ఆడలేదని రాశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమెకు ఉపయోగపడాలని, నిజంగా ఉపయోగపడాలనే, ఎర్ర సిరా పెన్ను తీసుకుని కార్డుల మీదే తప్పులు రాశాను. ఒక్కో కార్డు మూలన ఫారంలోని గడి నంబరు, దాని పక్కన ఒక వాక్యం. 'ఇక్కడ గెలిచేదెవరు? స్పష్టత లేదు.' 'ఈ ప్రశ్నకు ఏ జవాబైనా చెల్లుతుంది, కాబట్టి ప్రశ్నే కాదు.' 'అనవసరం.' ఇరవై ఎనిమిది కార్డులు అలా దిద్దాను. నా దస్తూరీ బాగుంటుంది. బడిలో బహుమతి కూడా వచ్చింది.

ఆమె వచ్చిన రోజు

సత్యవతి రెండు వారాల తర్వాత వచ్చింది. వానకు చెప్పులు తడిసి, మెట్ల దగ్గరే విడిచి వచ్చింది. నేను ఫారం ముందుకు తోసి, ఒక్కో గడీ వివరించాను. పావుగంట పట్టింది. ఆమె తర్వాత డబ్బా మూత తీసి కార్డులు ఒక్కొక్కటే చూసింది. నలభై రెండూ చూసింది.

"ఇయి మాయమ్మ రాసినాది బాబూ," అంది. "అరవై దాటినాక నా కాడే అచ్చరాలు నేర్సింది."

క్షమించమన్నాను. అచ్చు వేసేటప్పుడు ఎలాగూ కొత్తగా రాయాలి కదా అని కూడా అన్నాను. రెండో వాక్యం మొదటిదాన్ని చెరిపేస్తుందని అప్పుడు తట్టలేదు.

ఆమె కార్డులు సర్దుతూ అడిగింది.

"ఒక్క మాట సెప్పండి. ఆట బాగోనేదా, మీకు నచ్చనేదా?"

రెండూ ఒకటే కదండీ అన్నాను. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో నేను అన్న మాటల్లో నాకు పూర్తిగా గుర్తున్నది అదొక్కటే.

"రెండూ ఒకటేటి?" అంది. కోపంగా కాదు. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి మళ్లీ ఓసారి చూసుకోమన్నట్టు అంది. నేను ఫారం వైపు చూపించి, ఇందులో నాకు నచ్చడం అనే గడి లేదండీ, అంతా కొలతే అన్నాను. ఆమె డబ్బాను సంచిలో పెట్టుకుని, తడి చెప్పులు తొడుక్కుని దిగిపోయింది.

మేళా

మేళా రెండో రోజు ప్రచురణకర్త వచ్చింది. బల్లలన్నీ తిరిగి చూసి, ప్రబీర్‌దాను అడిగింది, మన భాషల్లో ఒక్కటీ రాలేదా అని. ప్రబీర్‌దా నా వైపు చూశాడు. ఒకటి వచ్చింది గానీ స్థాయి అందుకోలేదని చెప్పాను. ఎంత తక్కువైందని అడిగింది. ఆరు, ఇరవై రెండుకు అన్నాను. అంకె వినగానే ఆమె తల ఊపి ముందుకు వెళ్లింది. అంకెలతో ఎవరూ వాదించరు. వాటికి ఉన్న బలం అదే, ప్రమాదం కూడా అదే.

ఆమె ఎంచుకున్నది నేను పందొమ్మిది వేసిన ఆట. ఓడరేవు గోదాముల మీద ఆధిపత్యం కోసం పోటీ. చక్కటి తూకం, ఒక్క నియమమూ తేడా లేదు. అచ్చయి వచ్చింది. మీ వెనక అరలో, కింది వరుసలో, ఇప్పటికీ కట్టలు విప్పకుండా ఉన్నవి అవే. దాన్ని నేను ఎంతో ఇష్టంగా ఆడాను. ఇంకెవరూ ఆడలేదు. నాకు నచ్చినంత మాత్రాన ఎవరికీ ఏమీ ఒరగలేదు. నాకు నచ్చకపోవడానికి మాత్రం అధికారం ఉండేది.

మరుసటి ఏడాది ఆ సంస్థ ఆటలు అచ్చు వేయడం మానేసింది. ఆ తలుపు తెరిచి ఉన్నది ఒక్క డిసెంబరే. దాన్ని మూసినవాణ్ణి నేను.

సొరుగు

తర్వాత మూడేళ్లు పనిచేశాను. మీకు ఒక లక్షణం చెబుతాను, మీలో కనపడితే జాగ్రత్తపడండి. మొదట నచ్చనివాటి మీద విసుగు వస్తుంది. తర్వాత నచ్చినవాటిలో కూడా గడులు కనపడతాయి. ఆఖరికి శనివారం స్నేహితులతో కూర్చున్నా ఆట ఆడలేం, తనిఖీ చేస్తాం. కిరణ్ ఒకరోజు, నువ్వు బల్ల దగ్గరుంటే పరీక్ష హాల్లో ఉన్నట్టుంది బాస్ అన్నాడు. వాళ్లు నన్ను పిలవడం మానేశారు. కొన్నాళ్లకు నేనూ ఉద్యోగం మానేశాను. ప్రబీర్‌దా బెంగాలీ మిఠాయి పెట్టె ఇచ్చి, ఫారాలు మాత్రం వదిలి వెళ్లు రావూ అన్నాడు.

ఆఖరి రోజు సొరుగు ఖాళీ చేస్తుంటే ఫారాల కట్ట కింద ఒక కార్డు దొరికింది. పెళ్లి శుభలేఖ ముక్క. వెనక పెద్ద వంకర అక్షరాల్లో: 'ఇక్కడ నీ పేరు సరిగ్గా పలికిన మొదటి మనిషి ఎవరు?' మూలన నా ఎర్ర సిరా: '17. అనవసరం.' ఆ రోజు సత్యవతి నలభై రెండూ చూసిందని రాశాను. నలభై ఒకటే చూసి ఉంటుంది. ఒకటి తక్కువైందని తెలిసి కూడా నన్ను అడగలేదేమో. ఎనిమిదేళ్లలో ఆ దుకాణంలో నన్ను నా పేరుతో పిలిచినవాళ్లు లేరు. అందరికీ రావునే. కార్డు జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం టికియాపారా వెళ్లాను. తెలుగు పాఠం చెప్పే ఆమె ఇల్లు అంటే రెండో మలుపులోనే చూపించారు. వరండాలో చాప మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు. సత్యవతి, ఆమె తల్లి అప్పలనరసమ్మ, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు, ముగ్గురు పిల్లలు. మధ్యలో బిస్కెట్ డబ్బా.

సత్యవతి నన్ను గుర్తుపట్టింది. రండి బాబూ, కూర్చోండి అంది, నిన్న వెళ్లి ఇవాళ వచ్చినవాడితో అన్నట్టు. కార్డు ఇచ్చాను. చూసి, డబ్బాలో దాని చోట పెట్టింది. దీని కోసమే ఇన్నాళ్లూ వెతికామని తల్లితో చెప్పింది. ఆట ఆగలేదు.

పదేళ్ల పిల్ల ఒకతి ఇంకో పిల్లవాడితో గొడవ పడుతోంది. "ఇయాల ఆఫీసర్ నాను. ప్రామిస్ కియా థా నువ్వు," అంటోంది, మాటిచ్చావు కదా అని హిందీ కలిపి. ఆఫీసరు పాత్ర నాకు గుర్తులేదు. నేను చదివిన తొమ్మిది నియమాల్లో అది లేదు. అడిగితే సత్యవతి చెప్పింది. కార్డుల మీద ఎర్రగా ఏముందని పిల్లలు అడిగారట. చెరిపితే కార్డు చిరిగిపోయేలా ఉంది. అందుకని అది స్టేషన్లో కూర్చునే ఆఫీసరు మాట అని చెప్పిందట. బండి దిగినవాళ్లు ఏం చెప్పినా ఆయన ఎర్ర అక్షరాల్లో ఉన్నది చదువుతాడు. అప్పుడు కుటుంబం అంతా కలిసి ఆయన్ని దాటుకుని వెళ్లే దారి చూడాలి. ఇప్పుడు ఆట అంతటిలో పిల్లలు పోటీ పడేది ఆ పాత్ర కోసమే.

ఆ పిల్ల వీపు నిటారుగా పెట్టి, లేని కళ్లజోడు సర్దుకుని, నా వాక్యం కూడబలుక్కుంటూ చదివింది. "ఇక్కడ గెలి-చే-దెవరు. స్ప-ష్ట-త లేదు." చాప మీద అందరూ నవ్వారు. అప్పలనరసమ్మ ఆ పూట ఆరేళ్ల పిల్ల. ఆవిడ ఆఫీసరు గౌను అంచు పట్టుకుని లాగి, "అయ్యా, ఆకలేస్తంది, ఈ మాటకి అర్దం రేపు సెప్తారేటి?" అంది. ఆఫీసరు తన పాత్రలోంచి జారిపోయి చాప మీద దొర్లింది.

నన్ను కూడా ఆడమన్నారు. ఆడాను. రెండు గంటలు. ఇక్కడ అబద్ధం రాయలేను, కాబట్టి రాస్తున్నాను: నాలుగుసార్లు గడియారం చూసుకున్నాను. ఎవరు ముందున్నారో తెలియక, ఎప్పుడు ముగుస్తుందో తెలియక చిరాకు పడ్డాను. ఆ ఆట నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ముసలావిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుంటున్నప్పుడు కూడా నా తలలో గెలుపు ఓటముల గడి ఖాళీగానే ఉంది. మారతానేమో అనుకుని వెళ్లాను. మారలేదు. అపరాధం చేసినంత మాత్రాన, దానికి శిక్షగా ఎవరి అభిరుచీ మారిపోదు. దాన్ని తీసుకుని పక్కన పెట్టుకోవడం ఒక్కటే చేయగలిగింది, దానికి సంతకం పెట్టే పెన్ను ఇవ్వకుండా.

ఆట ముగిశాక ఆఫీసరు పిల్ల నా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఆట చివర ఆఫీసరు మార్కులు అడగడం వాళ్ల కొత్త నియమమట. అందరూ చెప్పాలి.

"కాకా, ఎన్ని మార్కులేస్తారు?"

పందొమ్మిది అనవచ్చు. ఇరవై రెండు అనవచ్చు. ఆ పిల్ల అదే ఆశించింది. సత్యవతి డబ్బా మూత చేతిలో పట్టుకుని నా వైపు చూస్తోంది.

"నాకు నచ్చలేదమ్మా," అన్నాను. "ఆట మాత్రం బాగుంది."

పిల్ల భుజాలు ఎగరేసి తర్వాతివాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఎవరూ నొచ్చుకోలేదు. నచ్చకపోవడం అక్కడ పెద్ద విషయమే కాదు.

సత్యవతి మూత బిగించింది.

"ఇదే మాట ఆ దినం సెప్పుంటే సరిపోయీది బాబూ," అంది.